చిన్న వుడ్ లేత్ కొనడం ఎలా: హార్స్‌పవర్ కంటే ముందు థ్రెడ్ చూడండి

నా మొదటి లేత్ (చెక్క ముక్కను గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) ఆన్‌లైన్‌లో కొన్నాను. ఫొటోలో బాగుంది, ధర ఇంకా బాగుంది. మూడో వారంలో గిన్నె చేద్దామని చక్ (ముక్కను దవడలతో పట్టుకునే పరికరం) తెప్పిస్తే అది స్పిండిల్‌కు, అంటే మిషన్‌లో తిరిగే ఇరుసుకు, ఎక్కలేదు. ఆ స్పిండిల్ థ్రెడ్‌కు (మరలకు) సరిపోయే చక్ ఎంత వెతికినా దొరకలేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "ఏ థ్రెడ్డో మాకూ తెలీదు సార్" అన్నారు. చివరికి బాలానగర్‌లో ఇనుము పనిచేసే ఒక లేత్ షాపుకు వెళ్లి అడాప్టర్ చేయించాను. పని నడిచింది గానీ ఆ అడాప్టర్ వల్ల చక్ ఒకటిన్నర అంగుళం ముందుకు జరిగింది. గిన్నె తిరుగుతుంటే అంచు ఊగడం కళ్లకు కనిపించేది. ఆ మిషన్ మీద ఇప్పుడు పెయింట్ డబ్బాలు పెట్టుకుంటున్నాం.

అందుకే ఈ వరస రాస్తున్నాను. మీకు కారు షెడ్డో, మేడ మీద గదో ఉంది, సెలవు రోజుల్లో నాలుగు చెక్క వస్తువులు చేసుకోవాలని ఉంది అనుకుని చెప్తున్నాను. ఫర్నిచర్ షాపుకి మంచం కోళ్లు సప్లై చేసేవాళ్లకు ఇది సరిపోదు.

1. ముందు ఏం చేస్తారో రాసుకోండి

మిషన్ల ఫొటోలు చూడకముందే ఒక కాగితం తీసుకుని, మీరు మొదటి ఏడాది చేయాలనుకునే వస్తువులు ఐదు రాయండి. నా కాగితం మీద బొంగరం, పప్పుగుత్తి, చపాతీ కర్ర, మిరియాల గ్రైండర్, పండ్ల గిన్నె ఉన్నాయి. ఇంట్లో ఉన్న వాటిని టేపుతో కొలవండి. పప్పుగుత్తి సుమారు అడుగు పొడవు, చపాతీ కర్ర 12 నుంచి 14 అంగుళాలు, పండ్ల గిన్నె 9 అంగుళాల వెడల్పు ఉంటాయి.

చిన్న లేత్‌లను రెండు అంకెలతో పిలుస్తారు: 8 బై 12, 10 బై 18, 12 బై 18 ఇలా. మొదటిది స్వింగ్, అంటే బెడ్‌కు (మిషన్ భాగాలన్నీ కూర్చునే పొడవాటి దిమ్మెకు) తగలకుండా ఎంత వెడల్పు ముక్క తిరగగలదో ఆ కొలత. రెండోది హెడ్‌స్టాక్ (ఎడమ పక్క ముక్కను తిప్పే భాగం) మొనకూ టెయిల్‌స్టాక్ (కుడి పక్క ముక్కను ఆనించి పట్టే భాగం) మొనకూ మధ్య పట్టే పొడవు. ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి.

ఒకటి, కొందరు స్వింగ్‌కు బదులు సెంటర్ హైట్ రాస్తారు. అది స్పిండిల్ మధ్య నుంచి బెడ్ వరకు ఉండే ఎత్తు, అంటే స్వింగ్‌లో సగం. 5 అంగుళాల సెంటర్ హైట్ ఉన్న మిషన్, 10 అంగుళాల స్వింగ్ ఉన్న మిషన్ ఒకటే. ఇది తెలియక మంచి మిషన్‌ను చిన్నదనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు. పైగా ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌ను మోసే అడుగు భాగం బెడ్ మీదే కూర్చుంటుంది. దాని పైనుంచి తిరగాల్సిన ముక్కకు రెండు మూడు అంగుళాలు తగ్గిపోతాయి.

రెండోది పొడవు లెక్క. మిరియాల గ్రైండర్‌నే తీసుకుందాం. వస్తువు 8 అంగుళాలే కదా, 12 అంగుళాల బెడ్ చాలదా అనిపిస్తుంది. కానీ దాని మధ్యలో రంధ్రం వేయాలి. ఎడమ పక్క ముక్కను పట్టుకునే చక్ 4 అంగుళాలు తింటుంది. కుడి పక్క టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్, దానికి బిట్, కలిపి ఇంకో 6 అంగుళాలు. 8, 4, 6 కలిపితే 18. పన్నెండు అంగుళాల మిషన్ మీద ఆ పని కాదు. చపాతీ కర్రకు చక్ అక్కర్లేదు, రెండు మొనల మధ్యే బిగిస్తాం, అయినా ఆ మొనలకు రెండు మూడు అంగుళాలు కలుపుకోవాలి.

పెన్నులు, బొంగరాలు, చెస్ పావులు మాత్రమే అయితే 8 బై 12 చాలు. పై కాగితంలాంటిది మీదైతే 10 బై 18 కంటే తక్కువ వద్దు. డబ్బు, చోటు ఉంటే 12 అంగుళాల స్వింగ్‌కు వెళ్లండి. కొన్ని మిషన్లకు బెడ్ పొడిగింపు విడిగా దొరుకుతుంది, పొడవు తర్వాతైనా కలుపుకోవచ్చు. స్వింగ్‌ను పెంచడం మాత్రం అంత తేలిక కాదు.

2. థ్రెడ్, టేపర్

నేను దెబ్బ తిన్నది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

హెడ్‌స్టాక్ స్పిండిల్ బయటివైపు మరలు ఉంటాయి. చక్, ఫేస్‌ప్లేట్ (ముక్కను స్క్రూలతో బిగించే ఇనుప పళ్లెం) దానికే ఎక్కుతాయి. చిన్న మిషన్లలో మీరు కోరుకోవాల్సినవి రెండే: 1 అంగుళం 8 టి.పి.ఐ. (అంగుళానికి 8 మరలు), లేదా ఎం 33 × 3.5 (33 మి.మీ. లావు, మరకూ మరకూ మధ్య 3.5 మి.మీ.). మొదటిది అమెరికా పద్ధతిలో, రెండోది యూరప్ పద్ధతిలో చేసిన మిషన్ల మీద కనిపిస్తుంది. చక్ తయారుచేసేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండింటికీ చక్‌లు ఇస్తారు. పాత చిన్న మిషన్ల మీద ముప్పావు అంగుళం 16 టి.పి.ఐ. ఉంటుంది, ఫర్వాలేదు, దొరుకుతాయి. ఎం 18 లాంటి సన్న థ్రెడ్లు చూస్తే మాత్రం జాగ్రత్త. సన్న స్పిండిల్ మీద బరువైన చక్, దాని మీద గిన్నె అంటే చూపుడు వేలి మీద బిందె నిలబెట్టినట్టే.

స్పిండిల్ లోపల ఏటవాలుగా సన్నబడుతూ వెళ్లే రంధ్రం ఉంటుంది. దాన్ని మోర్స్ టేపర్ అంటారు. ఎం.టి. 2 (రెండో నంబరు మోర్స్ టేపర్) ఉన్నది తీసుకోండి, హెడ్‌స్టాక్‌లోనూ టెయిల్‌స్టాక్‌లోనూ రెండింటా. లైవ్ సెంటర్ (ముక్కతో పాటు తిరిగే టెయిల్‌స్టాక్ మొన), డ్రిల్ చక్ ఏ టూల్స్ షాపులోనైనా ఎం.టి. 2లో దొరుకుతాయి, ఇనుము పనివాళ్లు కూడా అదే వాడతారు గనక సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి బజారులో వెతుక్కునే పని ఉండదు. ఎం.టి. 1 కూడా దొరుకుతుంది గానీ దాని పట్టు తక్కువ. అసలు టేపర్ లేకుండా డ్రైవ్ సెంటర్‌ను (ముక్కను తిప్పే హెడ్‌స్టాక్ మొనను) స్క్రూతో బిగించే మిషన్లు ఉన్నాయి. అవి బొమ్మలు, వదిలేయండి.

అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "స్పిండిల్ థ్రెడ్ ఎంత, టేపర్ ఎంత?" జవాబు రాకపోతే అక్కడితో ఆగిపోండి. మిషన్ ఒక్కసారే కొంటారు, కానీ చక్‌లు, వాటి దవడలు, ఫేస్‌ప్లేట్లు పదేళ్లపాటు కొంటూనే ఉంటారు. రేపు పెద్ద లేత్‌కు మారినా థ్రెడ్ ఒకటే అయితే ఇవన్నీ దానికీ ఎక్కుతాయి.

3. మోటారు: బలం కంటే అతి తక్కువ వేగం

1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 10 అంగుళాల మిషన్‌కు అర హెచ్.పి. నిజంగా ఉంటే చాలు, 12 అంగుళాలకు ముప్పావు నుంచి ఒకటి. "నిజంగా" అని ఎందుకంటున్నానంటే, డబ్బా మీద రాసిన అంకె వేరు, మోటారు నేమ్‌ప్లేట్ మీద అంకె వేరు. నేమ్‌ప్లేట్ చదవండి.

అసలు చూడాల్సింది, మిషన్ అతి తక్కువగా ఎంత వేగంతో తిరుగుతుంది అని. చెక్క లేత్ పనివాళ్లకు ఒక మోటు లెక్క ఉంది. ముక్క వెడల్పు అంగుళాల్లో, వేగం ఆర్.పి.ఎం.లో (నిమిషానికి ఎన్ని చుట్లు); రెండూ గుణిస్తే 6000కూ 9000కూ మధ్య రావాలి. 6 అంగుళాల గిన్నెకు 1000 నుంచి 1500, 10 అంగుళాలకు 600 నుంచి 900. ఇది కూడా గుండ్రంగా అయ్యాక. గొడ్డలితో నరికిన ఎగుడుదిగుడు ముక్కను మొదటిసారి బిగించినప్పుడు మిషన్‌కు ఉన్న అతి తక్కువ వేగంతోనే మొదలుపెట్టాలి.

ఎందుకంటే, 10 అంగుళాల ముక్క 1000 ఆర్.పి.ఎం.తో తిరిగితే దాని అంచు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పొరపాటున 3000 మీద పెడితే 144. ఆ వేగంలో చెక్క చీలి ఎగిరితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నా స్నేహితుడి షెడ్‌లో రేకు పైకప్పుకు సొట్ట ఉంది. అది ఎండిన చింత గిన్నె చేసిన పని.

కాబట్టి గిన్నెలు చేయాలనుకుంటే 250 ఆర్.పి.ఎం. దాకా దిగే మిషన్ చూడండి, అతి తక్కువ వేగమే 500కు మించి ఉన్నది అస్సలు వద్దు. కర్రలు, బొంగరాలే అయితే 500 నుంచి 3000 దాకా ఉన్నది హాయిగా సరిపోతుంది.

వేగం మార్చే పద్ధతులు మూడు. బెల్టును ఒక పుల్లీ మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మార్చడం మొదటిది. ఒక నిమిషం పడుతుంది, చేతికి నల్లటి మసి అంటుతుంది, కానీ తక్కువ వేగంలో బలం అలాగే ఉంటుంది, చెడిపోయేది ఏమీ లేదు. రెండోది డి.సి. మోటారు, నాబ్ తిప్పితే వేగం మారుతుంది. సుఖంగా ఉంటుంది, కాకపోతే చవక మిషన్లలో నాబ్ కిందికి దించిన కొద్దీ బలం కూడా పోతుంది, ఉలి ఆనించగానే ముక్క ఆగిపోతుంది. నాబ్‌తో పాటు రెండు మూడు పుల్లీ మెట్లు కూడా ఉన్న మిషన్ అయితే ఆ బాధ తగ్గుతుంది. మూడోది త్రీఫేజ్ మోటారుకు వి.ఎఫ్.డి. (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి వేగం మార్చే పెట్టె) పెట్టడం. నా ఓటు దీనికే. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటుతోనే నడుస్తుంది. కానీ మీరే విడిగా మోటారు కొని అమర్చుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. మన దగ్గర చిన్న త్రీఫేజ్ మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో వస్తాయి (స్టార్, డెల్టా అనేవి మోటారు లోపలి వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు). 230 వోల్టుల వి.ఎఫ్.డి. మీద నడవాలంటే డెల్టాకు మార్చాలి. టెర్మినల్ బాక్స్‌లోకి ఆరు వైర్లు వచ్చి ఉంటే పది నిమిషాల పని. మూడే ఉంటే వైండింగ్ షాపుకు తీసుకెళ్లాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇంకో మాట. మిక్సీలో ఉండేలాంటి కార్బన్ బ్రష్ మోటారు కేక పెడుతుంది. ఇండక్షన్ మోటారు గుసగుసలాడుతుంది. ఆదివారం మధ్యాహ్నం కింది ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టకూడదనుకుంటే ఇండక్షన్ తీసుకోండి.

4. బరువు

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. పోత ఇనుము బెడ్ తీసుకోండి. 10 బై 18 మిషన్ 30 నుంచి 45 కిలోల మధ్య ఉండాలి. 15 కిలోలు ఉందంటే అది రేకూ అల్యూమినియమూ. తిరిగే చెక్క ఊగుతుంది, ఆ ఊపును మింగేది ఇనుము బరువే. బరువు ఇంకా కావాలంటే స్టాండ్ కింద అరలో రెండు ఇసుక బస్తాలు పెట్టండి, నేను అదే చేశాను. స్టాండ్ ఎత్తు మాత్రం స్పిండిల్ మధ్యభాగం మీ మోచేయి ఎత్తుకు వచ్చేలా కట్టించుకోండి. తక్కువైతే నడుము నొప్పెడుతుంది.

5. షాపులో చేతితో చూడాల్సినవి

ఈ పరీక్షలకు పావుగంట పడుతుంది. షాపువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

హెడ్‌స్టాక్‌లో ఒక మొన, టెయిల్‌స్టాక్‌లో ఒక మొన పెట్టి దగ్గరకు జరపండి. రెండు సూది మొనలూ ముక్కూ ముక్కూ రాసుకున్నట్టు కలవాలి. పైనుంచి చూడండి, పక్కనుంచి చూడండి. టెయిల్‌స్టాక్‌ను వెనక్కి లాగి, మళ్లీ తెచ్చి, బిగించి ఇంకోసారి చూడండి. బిగించినప్పుడు పక్కకు జరిగితే రేపు డ్రిల్ చేసే ప్రతి రంధ్రమూ వంకరే.

ప్లగ్ తీసేసి, బెల్టు వదులు చేసి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి. నూనె మీద జారినట్టు తిరగాలి. గరగరమంటే బేరింగ్ పోయింది. స్పిండిల్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి, టక్కుమని వదులు తెలిస్తే ఎందుకో అడగండి. టేపర్ లోపలికి వేలు పెట్టి తడమండి. నున్నగా ఉండాలి, గీతలు తగిలితే ఎవరో అందులో ఏదో గిర్రున తిప్పేశారన్నమాట.

టూల్ రెస్ట్ హ్యాండిల్ బిగించి, దాని చివర మీద ఒంటి బలంతో నొక్కండి. జారకూడదు. టెయిల్‌స్టాక్ చక్రం తిప్పితే బయటికి వచ్చే గొట్టం కనీసం 2 అంగుళాలు రావాలి.

చివరగా హెడ్‌స్టాక్ మీద గ్లాసులో సగం నీళ్లు పెట్టి, అన్ని వేగాల్లోనూ నడిపి చూడండి. నీళ్లు సన్నగా వణికితే ఫర్వాలేదు. గ్లాసు నడవడం మొదలుపెడితే మీరూ నడవండి.

సెకండ్ హ్యాండ్ మిషన్‌కూ ఇవే పరీక్షలు. మన ఊళ్లలో వెల్డింగ్ షాపులో సి-చానల్‌తో చేయించిన లేత్‌లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. బలంగానే ఉంటాయి గానీ వెల్డింగ్ వేడికి బెడ్ మెలి తిరుగుతుంది, మొనలు ఒకచోట కలిసి ఇంకోచోట కలవవు. టెయిల్‌స్టాక్‌ను మూడు చోట్ల పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

6. కరెంటు సంగతి

ఒక హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి చాలా రెట్లు. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్‌కు కాకుండా, గీజరుకు పెట్టించినట్టు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ పెట్టించండి.

మన దగ్గర అన్నిటికంటే ముఖ్యమైనది స్విచ్. కరెంటు పోతుంది, మీరు ఉలి పక్కన పెట్టి టీకి వెళ్తారు, స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు రాగానే చక్‌లో తాళం చెవి ఉండగానే మిషన్ తిరగడం మొదలుపెడుతుంది. దీన్ని ఆపేది నో-వోల్ట్ రిలీజ్ స్విచ్, ఎన్.వి.ఆర్. అంటారు. కరెంటు పోగానే తనంతట తానే ఆఫ్ అయిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే నడుస్తుంది. మిషన్‌కు లేకపోతే విడిగా కొని పెట్టించండి.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో కంటైనర్‌లో సామాన్లు పంపుతున్నారని లేత్ కూడా తెప్పించుకోవాలనుకుంటే ఒకసారి ఆగండి. అక్కడి మోటారు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజ్ దించవచ్చు గానీ మన 50 హెర్ట్జ్ మీద ఇండక్షన్ మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. చక్‌లు, ఉలులు తెప్పించుకోండి, చక్ థ్రెడ్ మీ స్పిండిల్‌కు సరిపోతుందో లేదో మాత్రం ముందు చూసుకోండి.

7. మిగతా డబ్బు దేనికి

చేతిలో ఉన్న మొత్తం మిషన్‌కే పెట్టేయకండి. సగం దాచండి. మొదట కొనాల్సింది చక్ కాదు, ఉలికి సాన పట్టే గ్రైండర్. చెక్క లేత్ ఉలి పావుగంటకోసారి సాన అడుగుతుంది. మొండి ఉలితో చెక్క తెగదు, రేగుతుంది, పీకుతుంది, అప్పుడు మనం మిషన్‌ను తిడతాం. మామూలు బెంచ్ గ్రైండర్ 2800 ఆర్.పి.ఎం. దగ్గర తిరుగుతుంది, 1400 దగ్గర తిరిగేది దొరికితే అది మేలు. దానికి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేయించండి.

ఉలులు హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీల్)వి తీసుకోండి. కార్బన్ స్టీల్‌వి సాన పట్టేటప్పుడు నీలం రంగుకు తిరిగితే మెత్తబడి పోతాయి. ఎనిమిది ఉలుల సెట్టు కంటే నాలుగు మంచివి చాలు: ముక్కను మొదట గుండ్రం చేసే రఫింగ్ గౌజ్ (గౌజ్ అంటే గాడి ఉన్న ఉలి), కర్రలకు ఆకారమిచ్చే స్పిండిల్ గౌజ్, ముక్కను వేరుచేసే పార్టింగ్ టూల్, గిన్నెలకైతే బౌల్ గౌజ్. రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద ఎప్పుడూ పెట్టకండి. దాని పిడిలోకి వెళ్లే తోక సన్నం, చెక్క పట్టేస్తే అక్కడే విరుగుతుంది. సాన నేర్చుకునే ఓపిక లేకపోతే కార్బైడ్ బిళ్లలు మార్చుకునే ఉలులు ఉన్నాయి. నున్నదనం కాస్త తగ్గుతుంది, మొదటి ఆరు నెలలు గడుస్తాయి.

ముఖానికి పూర్తి షీల్డ్ తప్పదు, కళ్లజోడు చాలదు. గ్లవ్స్ వేసుకోకూడదు, లుంగీ, చున్నీ, వేలాడే చేతులు, ఉంగరం, దారం ఏవీ దగ్గరకు రాకూడదు. ఇరుగుడు చెక్క పొడి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది, మాస్క్ పెట్టుకోండి.

కొనేముందు ఒక్కసారి ఏటికొప్పాక

వీలైతే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వెళ్లి రండి. అక్కడివాళ్లు అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కను అంటుకుంటుంది. మంట లేదు, బ్రష్ లేదు. బరణె మూత గడియారం ముల్లు కదిలేలోపు ఎర్రబడిపోతుంది. చూడాల్సింది వాళ్ల మిషన్ సైజు. అంత చిన్న దాని మీద అంత పని జరుగుతుంటే, మన కాగితం మీద రాసుకున్న పెద్ద గిన్నె నిజంగా కావాలా అని ఒకసారి ఆలోచన వస్తుంది. నేను తిరిగొచ్చాక 14 అంగుళాల మిషన్ ఆలోచన మానేసి 10 బై 18 కొన్నాను. ఇప్పటికీ అదే.

మిషన్ ఇంటికొచ్చిన రోజు

బెడ్ మీద తుప్పు పట్టకుండా పూసిన జిగురు గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలుచగా మైనం రాయండి. నూనె రాస్తే చెక్క పొట్టు అంటుకుని ముద్దవుతుంది. ఏమీ బిగించకుండా మధ్యస్థ వేగంలో 20 నిమిషాలు నడిపి బేరింగుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిది, చెయ్యి పెట్టలేనంత కాలితే షాపుకు ఫోన్ చేయండి.

మొదటి ముక్కకు ఖరీదైన టేకు వద్దు. పెరట్లో కొట్టిన పచ్చి జామ కొమ్మ తీసుకుని నిలువునా రెండుగా చీల్చండి, నడి బెండు వస్తువులో ఉంటే ఎండాక పగులుతుంది. ఒక సగాన్ని గొడ్డలితో గుండ్రం చేసి రెండు మొనల మధ్య బిగించి బొంగరం చేయండి. పచ్చి చెక్క దోసకాయలా తెగుతుంది, పొట్టు రిబ్బన్లుగా భుజం మీదుగా వెనక్కి పోతుంది. మేకు మాత్రం అప్పుడే కొట్టకండి. కాగితంలో చుట్టి రెండు వారాలు నీడలో ఆరనిచ్చి, మేకు కంటే సన్నటి బిట్‌తో ముందు రంధ్రం వేసి, అప్పుడు కొట్టండి. నా మొదటి బొంగరం ఆ రంధ్రం వేయకపోవడం వల్లే రెండు చెక్కలైంది.